ఎనభయ్యో సెంటీమీటరు దగ్గర మహాసంగ్రామం

తుషారధవళ శిఖరాలు మూడు దిక్కులా కాపలా కాస్తుండగా, నాలుగో దిక్కున నరీన్ నది మంచుపలకల కింద గొణుక్కుంటూ పారుతుండగా, సూర్యభగవానుడు సైతం చలికి జంకి కొండ వెనకాలే తచ్చాడుతున్న మార్చి నెల తొలి గురువారపు ఉదయాన, ఉచ్-కజిక్ అనే గ్రామంలో, ఆ గ్రామానికంతటికీ ఒక్కటే అయిన పాఠశాలలో, ఆ పాఠశాలకంతటికీ ఒక్కటే అయిన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, కేవలం ఒక మీటరు తీగ నిమిత్తం జరిగిన మహాసంగ్రామ గాథ ఇది. చెవులున్నవారు ఆలకింతురు గాక! కంటికి కనబడకుండా తీగల్లో పరుగులెత్తే ఓ విద్యుద్దేవీ, పొడుగు తీగలో నీరసించి పొట్టి తీగలో ఉగ్రరూపం దాల్చే ఓ చంచలా, ఈ కథ సాగినంతసేపూ కరెంటు పోకుండా చూడు తల్లీ!

ఆ సంగ్రామానికి నాయిక బురూల్. వయసు ఇరవైమూడు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు, పెళ్ళై సరిగ్గా నలభై రోజులు. బిష్కెక్ నగరపు విశ్వవిద్యాలయంలో అయిదు సంవత్సరాలు విద్యుదయస్కాంత ఘోరారణ్యాల్లో సంచరించి పట్టా గెలుచుకొచ్చిన విదుషీమణి, కొత్తకోడలి తెల్లని తలగుడ్డనే కిరీటంగా ధరించిన వీరవనిత, పొద్దున్నే గేటు దగ్గర భర్త తాలాయ్ చెయ్యూపిన తీరు తలుచుకుంటూ నడిస్తే బడి దాకా ఉన్న కిలోమీటరున్నర మంచుబాట అరకిలోమీటరుగా కుంచించుకుపోయే మహిమ కలది. అంతటి ధీరురాలి చరిత్రలోనూ ఒక పరాజయం లేకపోలేదు. అత్తవారింట తొలి ఉదయాన, మామగారి మీద భక్తి పొంగిపొరలి, ఆయన టీ గిన్నెను అంచుల దాకా నింపి అందించింది.

అత్తగారు కళ్ళజోడు పైకెత్తారు. "ఏం కోడలా? మీ మామగారిని ఇంట్లోంచి పంపించేస్తున్నావా?"

తాలాయ్‌కి టీ ముక్కులోకి పోయింది. ఆ సీమలో గిన్నెలో మూడో వంతు పోస్తే కూర్చోమని, ఇంకా ఇంకా పోస్తామని, మీరు ఉంటే మాకు ఇష్టమని అర్థం. నిండుగా పోస్తే, తాగి లేవమని. బిష్కెక్ హాస్టల్లో డబ్బా పాలతో టీ తాగిన పిల్లకు ఈ ధర్మసూక్ష్మం మరుపున పడింది. ఆనాటి నుంచి నలభై రోజుల కఠోర సాధన చేసి, మాట్లాడుతూ, నవ్వుతూ, కిటికీలోంచి తాలాయ్ వస్తున్నాడేమోనని చూస్తూ కూడా, గిన్నెలో మూడో వంతుకు చుక్క ఎక్కువ కాకుండా చుక్క తక్కువ కాకుండా పోయగల హస్తలాఘవం ఆమె సంపాదించింది.

ఇక శత్రువు. ఆ ప్రయోగశాల గోడ మీద, పచ్చరంగు చెక్క చట్రంలో, ఒక పట్టిక విరాజిల్లుతూ ఉంది. తీగ ఇరవై సెంటీమీటర్లైతే నిరోధం రెండు ఓములు. నలభైకి నాలుగు. అరవైకి ఆరు. ఎనభైకి ఎనిమిది. నూటికి పది. కింద ఎర్ర అక్షరాలతో: 'ప్రయోగపూర్వకంగా కొలిచినది, జపార్ ఉసేనోవిచ్, 1987.' ఆ మహానుభావుడు ఇరవై ఏళ్ళు అక్కడే భౌతికశాస్త్రం బోధించి, ఇప్పుడు జిల్లా అంతటి పాఠాలనూ పరీక్షించే అధికారిగా వెలుగుతున్నాడు. ఏటా ఒకసారి అతిథుల ఎదుట జరిపే 'బహిరంగ పాఠం' చూడడానికి ఆయన వస్తాడు. టీచరు కర్రతో పట్టిక చూపిస్తుంది, పిల్లలు అంకెలు అరుస్తారు, ఆయన కళ్ళు మూసుకుని పాట విన్నట్టు వింటాడు, 'సంతృప్తికరం' అని రాస్తాడు. ఈ యజ్ఞంలో ఏ తీగలోనూ కరెంటు పారినట్టు మనుషులెవరూ ఎరుగరు.

ముందురోజు హెడ్‌మాస్టారు బురూల్‌ని పిలిచి, తన గడ్డం కింద మఫ్లరు సర్దుకుంటూ, మేఘగంభీర స్వరంతో ఇట్లనియె:

"చూడమ్మా. పట్టిక గోడమీదుంది. పిల్లలకి నోటికొచ్చు. నువ్వు కర్ర పట్టుకుని నిలబడు, చాలు. ఆయన 'సంతృప్తికరం' అన్నారా, ఫిజిక్స్ గంటలు నీవి. అనలేదా, వచ్చేనెల నుంచి వాలీబాల్ మాస్టారివి."

"ఆయనకి ఓమ్ సూత్రం తెలుసాండీ?"

"విజిల్ వెయ్యడం తెలుసు. పిల్లలు మాట వింటారు."

బురూల్ నాసాపుటాలు అదిరాయి. గంటలు పోతే బడి పోయినట్టే. బడి పోతే, నలభై రోజుల హస్తలాఘవంతో జీవితాంతం గిన్నెల్లో మూడో వంతు టీ పోస్తూ కూర్చోవాలి. టీ పోయడం ఆమెకు ఇష్టమే, తాలాయ్ కుడివైపు కూర్చుంటే మరీ ఇష్టం. కానీ అయిదేళ్ళు చదివింది దానికి కాదు.

"నేను కొలిచే చెప్తాను సార్," అని ప్రతిజ్ఞ చేసింది. "ముల్లు కదలాలి."

హెడ్‌మాస్టారు కిటికీలోంచి వాలీబాల్ మైదానం వైపు దీర్ఘంగా చూశారు.

ప్రతిజ్ఞ చేసినంత తేలికగా తీగ దొరకలేదు. గురువారం పొద్దున్నే బీరువా తెరిచి, మూడో అరలోని చెక్కపెట్టె మూత ఎత్తగా, అందులో తీగ ఉండవలసిన గాడి, యుద్ధానికి ముందే సేనాపతి పారిపోయిన శిబిరంలా బోసిపోయి ఉంది. మూడో పీరియడుకు ఇంకా గంటన్నర. బురూల్ బీరువా కింద వెతికింది, మ్యాపుల వెనక వెతికింది, అస్థిపంజరం పక్కటెముకల మధ్య కూడా వెతికింది. అప్పుడు వంటగది వైపు నుంచి, మరుగుతున్న నీళ్ళ శబ్దం, దానితోపాటు ఒక దివ్యమైన అనుమానం, రెండూ ఒక్కసారే ఆమెను తాకాయి.

వంటగదికి అధినాయిక కెంజెగూల్. అరవై రెండేళ్ళ విశాలకాయం, మూడు స్వెట్టర్ల కవచం, ముప్పై నాలుగేళ్ళుగా ఆ బడిలో టీ కాచే ఏకచ్ఛత్రాధిపత్యం. ఆమె ఎదుట పింగాణీ పలక గాళ్ళలో చుట్టలు చుట్టుకుని, ఎర్రగా కణకణలాడుతూ, కరెంటు పొయ్యి కొలువుదీరి ఉంది. బురూల్ దాని దగ్గర వంగి చూసింది. చుట్టల్లో మీటరు పైచిలుకు భాగం మిగతా దానికన్నా కొత్తగా ఉంది.

"పెద్దమ్మా! ఇది నా తీగ!"

"నీదెలా అవుతుందే? పోయిన చలికాలం నించీ ఇది నా పొయ్యిలోనే ఉంది. నువ్వప్పటికి పెళ్ళే చేసుకోలేదు."

"ప్రయోగశాల పెట్టెలోది తీశావు కదా?"

"తీశాను. ఎవరూ వాడట్లేదని తీశాను. విను కోడలా. పొయ్యి తీగ తెగితే ఏం చేస్తాం? రెండు కొసలూ లాక్కొచ్చి మెలేసి ముడేస్తాం. ఊళ్ళో ఎవరింట్లో అయినా అంతే, కొత్త తీగ కొన్నవాణ్ణి నేను చూళ్ళేదు. ముడి పడ్డకొద్దీ తీగ కురచవుతుంది. కురచైనకొద్దీ పొయ్యి మండిపోతుంది. మండిపోయి మళ్ళీ అదే తెగుతుంది. పోయినేడు కెటిలు అడుగే మాడ్చేసింది ముండ. అందుకని నీ మీటరు ముక్క తెచ్చి అతికించా. తీగ పొడుగయ్యాక బుద్ధొచ్చింది, ఇప్పుడు నిదానంగా కాగుతోంది."

బురూల్ ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "పెద్దమ్మా, నా పాఠమంతా నువ్వే చెప్పేశావు! పొడుగైతే నిరోధం ఎక్కువ, కరెంటు తక్కువ. ఇవాళ నేను చూపించాల్సింది ఇదే!"

"అయితే చెప్పెయ్. ఇంక తీగెందుకు?"

"చెప్తే చాలదు. కొలవాలి."

"మరి అతిథికి టీ? జపార్ వస్తున్నాడు. బడికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపిస్తే రేపు నేను బజార్లో మొహం ఎట్లా చూపించను?"

విజ్ఞానధర్మం ఒకవైపు, ఆతిథ్యధర్మం ఒకవైపు, రెండూ ఒకే మీటరు తీగ మీద నిలిచి కత్తులు దూసుకున్న ఆ క్షణాన లోకపాలకులు ఊపిరి బిగబట్టారో లేదో గాని, కెటిలు మాత్రం ఈల వేసింది. చర్చలు ఏడు నిమిషాలు సాగాయి. ఒడంబడిక కుదిరింది: తీగ మూడో పీరియడు ముగిసే గంట కొట్టేదాకా బురూల్‌ది, గంట కొట్టిన మరుక్షణం పొయ్యిది. తీగ వెంట కెంజెగూల్ కూడా వచ్చి తరగతిలో కూర్చుంటుంది. "నా కళ్ళముందునించి అది కదలకూడదు," అని ఆమె కూరగాయలు కోసే కత్తిని స్వెట్టరు జేబులో పెట్టుకుంది.

ఏడాదికి పైగా చుట్టలు చుట్టుకు బతికిన తీగ నిటారుగా నిలబడమంటే నిలబడుతుందా! ఒక కొస తలుపు గడియకు కట్టి, రెండో కొస పటకారుతో పట్టుకుని, కొత్తకోడలూ వంటమనిషీ కలిసి ఆ సర్పరాజాన్ని లాగిన లాగుడుకు గడియ మేకులు కదిలిపోయాయి. ఎట్టకేలకు అది లొంగి, కొయ్య స్కేలు పొడుగునా రెండు మేకుల మధ్య, కాస్త తోక మిగుల్చుకుని, ఇంకా అక్కడక్కడా అలకలు పోతూ పడుకుంది.

మూడో పీరియడు గంట మోగింది. బూడిదరంగు కోటు, నల్ల టోపీ, బొటనవేలంత లావు పెన్ను ధరించి జపార్ ఉసేనోవిచ్ చివరి బెంచీని అలంకరించాడు. పక్కన హెడ్‌మాస్టారు. తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కెంజెగూల్. ఎనిమిదో తరగతి వీరులు ఇరవై ఇద్దరు, దువ్విన తలలతో, కంఠస్థం చేసిన అంకెలను నాలుక చివర ఎక్కుపెట్టి కూర్చున్నారు. బురూల్ బ్యాటరీని కలిపింది, ఆమ్మీటరును కలిపింది, వోల్టుమీటరును కలిపింది. తాలాయ్ పొద్దున్న తన చేతి సంచిలో దాచిపెట్టిన ఎండు ఆప్రికాట్ పండు నోట్లో వేసుకుంది.

"తీగ పొడవు ఇరవై సెంటీమీటర్లు. వోల్టులని ఆంపియర్లతో భాగిస్తే..."

"రెండు ఓములు!" అని, ఆమె ఇంకా మీట నొక్కకముందే, ఇరవై రెండు కంఠాలు గర్జించాయి. జపార్ ఉసేనోవిచ్ కళ్ళు మూసుకున్నాడు.

మీట నొక్కింది. రెండు వోల్టులు, ఒక ఆంపియరు. రెండే. నలభై దగ్గర "నాలుగు!" అన్నారు, నాలుగే వచ్చింది. అరవై దగ్గర ఆరు. బోర్డు దగ్గర లెక్కలు వేస్తున్న ఐజిర్గాల్ అనే అమ్మాయి, భాగహారాలన్నీ ముందే తెలిసిన జవాబులకు చేరుతుంటే, ఆవలింత ఆపుకుంది. హెడ్‌మాస్టారి ముఖాన చిరునవ్వు వికసించింది. బురూల్ క్లిప్పును ఎనభై దగ్గరకు జరిపింది.

"ఎనిమిది!"

ముల్లు వినలేదు.

"రెండు పాయింట్ ఒక వోల్టు," అని చదివింది బురూల్. "సున్నా పాయింట్ రెండు రెండు ఆంపియర్లు."

ఐజిర్గాల్ ఆవలింత మధ్యలో ఆగింది. సుద్దముక్క టకటకలాడింది. తుడిచి మళ్ళీ వేసింది. "టీచర్... తొమ్మిదిన్నర వస్తోంది."

గోడ మీది పట్టిక చట్రంలోనే బిగుసుకుంది. ఆ సమయాన, బయట మంచు ఊడ్చిన మైదానం నుంచి, వాలీబాల్ మాస్టారి విజిల్ ప్రళయకాల శంఖంలా మోగింది. హెడ్‌మాస్టారు మఫ్లరులోకి మాయమయ్యారు. బురూల్ గుండె జారి బూట్లలోకి వచ్చింది. పోయాయి, గంటలు పోయాయి అనుకుంది.

జపార్ ఉసేనోవిచ్ కళ్ళు తెరిచాడు. "ముల్లుకి ఒంట్లో బాగాలేదు," అన్నాడు దయగా. "ఎనిమిది అని రాసెయ్యమ్మా. అతిథుల ముందు ఇట్లాంటివి చూపించకూడదు."

ఎనిమిది రాయడానికి ఎంతసేపు! రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి. రాస్తే సంతృప్తికరం, ఉద్యోగం, సాయంత్రం తాలాయ్‌తో కలిసి నవ్వుకోవచ్చు. బురూల్ సుద్దముక్క తీసుకుంది. బోర్డు దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగింది. మేరుధీరయై ఇట్లు పలికెను:

"రాయలేనండి. ముల్లు ఏదో చెప్తోంది. ఏంటో వినకుండా నోరు నొక్కేస్తే, ఇది ఫిజిక్స్ ఎందుకవుతుంది? వాలీబాల్ మాస్టారికే ఇచ్చెయ్యండి, కనీసం బంతన్నా కదుల్తుంది."

చివరి మాట నోటి నుంచి జారాక ఆమెకే భయమేసింది. కానీ అప్పటికే చేతులు యుద్ధంలోకి దిగిపోయాయి. అరవై దాకా అంతా సవ్యంగా ఉంది గనక, దొంగ అరవైకీ ఎనభైకీ మధ్యనే దాక్కున్నాడు. క్లిప్పును అరవై అయిదుకు జరిపింది: ఆరున్నర. డెబ్భైకి: ఏడు. డెబ్భై రెండుకి: ఏడు దాటి కొంచెం. డెబ్భై నాలుగుకి జరపగానే ముల్లు తటాలున వెనక్కి పడింది. అక్కడ, స్కేలు మీద డెబ్భై మూడు అంకె ఎదుట, మసిబారి, మెలికపడి, మిడుతంత ముడి ఒకటి నక్కి ఉంది.

"ఓరి దేవుడా, అది నా ముడే!" కెంజెగూల్ ముక్కాలిపీట మీంచి లేచింది. "పోయిన నవంబర్లో అక్కడ తెగింది. పొయ్యిలో అన్నిటికన్నా ముందు ఎర్రబడేది కూడా అక్కడే!"

"పెద్దమ్మా, కత్తి!"

ఖడ్గం ఒర నుంచి, అనగా స్వెట్టరు జేబు నుంచి, వెడలింది. ముడి విప్పారు. నల్లని తుప్పు మెత్తని బొగ్గుపొడిలా రాలిపోయేదాకా రెండు కొసలనూ గీకారు. పటకారుతో బిగించి మళ్ళీ మెలేశారు. ఆ మెలికలో ఖర్చయిన పొడవును చివరి మేకు దగ్గరి తోక భర్తీ చేసింది. ఇరవై రెండు మంది వీరులూ బెంచీలు వదిలి బల్ల చుట్టూ మూగారు. బురూల్ క్లిప్పును ఎనభై మీద పెట్టి మీట నొక్కింది.

ఈసారి ఎవరూ అరవలేదు. ఆ గదిలో బెంచీలు వేసిన నాటి నుంచి మొదటిసారిగా, ముల్లు ఆగేదాకా ఒక్కరూ నోరు మెదపలేదు.

"రెండు పాయింట్ ఒకటి... సున్నా పాయింట్ రెండు ఆరు."

ఐజిర్గాల్ బోర్డు మీద భాగహారం వేసింది. "ఎనిమిది పాయింట్ ఒకటి," అంది. ఆ తర్వాత, తనే నమ్మలేనట్టు, "ఎనిమిది పాయింట్ ఒకటి, టీచర్!" అని కేక పెట్టింది. క్లిప్పు నూటికి చేరితే పదీ వచ్చింది. కుర్రకారు ఒకరినొకరు తోసుకుని మరీ ముల్లు చూశారు.

"ఎనిమిది," అన్నాడు జపార్ ఉసేనోవిచ్.

"ఎనిమిది పాయింట్ ఒకటండీ."

"ఆ ఒక పదో వంతు ఎక్కణ్ణించి వచ్చింది? నేను కొలిచినప్పుడు లేదే!"

"కొంత ముడిలోంచి వచ్చుంటుందండి. కొంత నా కంటిలోంచి. దాన్ని చెరిపేస్తే ముడి కూడా లేనట్టే."

"కొలిచావా జపారూ?" అని తలుపు దగ్గరి నుంచి కెంజెగూల్ మెల్లగా అడిగింది. ఆయనకు వినబడలేదు, లేదా వినబడనట్టున్నాడు. గంట మోగింది. ఒడంబడిక ప్రకారం కెంజెగూల్ తీగను మేకుల మీంచి ఊడబెరికి, జడలా చుట్టి, పొయ్యి వైపు నడిచింది. బోర్డు మీద 8.1 అలాగే మిగిలింది.

తీర్పు వంటగదిలో. జపార్ ఉసేనోవిచ్ గోడవారగా పెద్దపీట మీద కూర్చున్నాడు, ఎదురుగా రొట్టె, వెన్న, పంచదార, తెరిచిన నివేదిక పుస్తకం. బురూల్ టీ పోస్తోంది, ప్రతిసారీ మూడో వంతు. ఆయన తాగుతున్నాడు, బోధిస్తున్నాడు, పెన్ను కాగితం మీదికి తెచ్చి మళ్ళీ గాల్లోకి ఎత్తుతున్నాడు. విజ్ఞానంలో క్రమశిక్షణ గురించి ఒక గిన్నె. యువతరంలో అహంకారం గురించి రెండు గిన్నెలు. తన కాలంలో తీగలు ఎంత నాణ్యంగా ఉండేవో అన్న అంశం మీద మూడు గిన్నెలు. ఏడో గిన్నె దగ్గర ఆయన అసలు విషయానికి వచ్చాడు.

"నా పట్టికలో ముడి లేదు. అర్థమైందా? ఒక్క ముడి కూడా లేదు."

కెంజెగూల్ గూట్లో చెయ్యి పెట్టి, పంచదార గిన్నె పక్కన ఒక చిన్న వస్తువు పెట్టింది. సీసపు బిళ్ళ. దానికి తెగిన దారం. ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త పెట్టెకు వేసే సీలు.

"తీగ పెట్టెది," అంది. "పోయిన చలికాలం నేనే తెంపాను, ఈ కత్తితోనే. అప్పటిదాకా దాన్నెవరూ తెరవలేదు జపారూ. నీ పట్టికలో ముడి లేదంటే ఉండదు మరి. తీగే లేదుగా!"

జపార్ ఉసేనోవిచ్ ఆ బిళ్ళను చూశాడు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. పంచదార పలుకు నోట్లో వేసుకుని నమలడం మర్చిపోయాడు. హెడ్‌మాస్టారు రొట్టెముక్కను ఎన్నడూ చూడనట్టు పరిశీలిస్తున్నారు. జపార్ ఉసేనోవిచ్ ఖాళీ గిన్నెను బురూల్ వైపు జరిపి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలుపెట్టబోయాడు: "ఆ రోజుల్లో పరిస్థితులేంటంటే..."

బురూల్ గిన్నె అందుకుంది. నలభై రోజుల సాధన గల చెయ్యి. మూడో వంతు దగ్గర ఆగలేదు. సగం దగ్గర ఆగలేదు. ముప్పాతిక దాటింది. అంచు దాకా, అంచు మీద ఉబ్బి నిలిచేదాకా, చుక్క తొణక్కుండా నింపి, కుడిచేతికి ఎడమచేయి ఆనించి, తల వంచి, పరమ వినయంతో ఆయన ముందు పెట్టింది.

హెడ్‌మాస్టారి చేతిలోని రొట్టె కింద పడింది.

జపార్ ఉసేనోవిచ్ ఆ నిండుగిన్నెను చాలాసేపు చూశాడు. "మీ అత్తగారు నీకేమీ నేర్పలేదా అమ్మాయ్?"

"అంతా నేర్పారండి. బాగా నేర్పారు."

బయట బస్సు హారన్ కొట్టింది. ఆయన గిన్నె ఎత్తి ఒక్క గుక్క తాగాడు, కాలినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెన్ను కాగితం మీద వాలింది. ఏదో రాశాడు, పుస్తకం మూశాడు, టోపీ పెట్టుకున్నాడు, సీసపు బిళ్ళను తీసుకుని జేబులో వేసుకున్నాడు, మంచులోకి వెళ్ళిపోయాడు.

బస్సు మలుపు తిరిగేదాకా పుస్తకం తెరిచే సాహసం ఎవరికీ కలగలేదు. తర్వాత మూడు తలలు ఒకేసారి వంగాయి. 'పాఠం సంతృప్తికరం. ఎనభై సెంటీమీటర్ల తీగ నిరోధం సుమారు 8 ఓములు.'

"సుమారు!" బురూల్ పొయ్యి ముందే గిర్రున తిరిగింది. "పెద్దమ్మా, సుమారు అని రాశాడు!"

"అంటే గెలిచామా?"

"ఒక పదో వంతు ఓము గెలిచాం!"

"అంతేనా?" అంది కెంజెగూల్. అయినా కెటిలు మళ్ళీ ఎక్కించింది. శుభ్రపడిన ముడితో ఒదిగి పడుకున్న తీగ, చుట్టచుట్టా సమానంగా ఎర్రబారింది.

ఈ విధంగా, ఆ సీమలో ఎన్నో ఏళ్ళుగా ఏలుతున్న ఖచ్చితమైన ఎనిమిది సింహాసనం మీంచి ఒక పదో వంతు పక్కకు జరిగి, ఆ సందులో 'సుమారు' అనే బుజ్జి రాజకుమారి పట్టాభిషిక్తురాలైంది. బోర్డు మీది 8.1 ని శనివారం దాకా ఎవరూ చెరపలేదు. ఆ సాయంత్రం బురూల్ కిలోమీటరున్నర బాటను పరుగున దాటి, గేటు దగ్గరే తాలాయ్‌కి కథంతా చెప్పి, ఇంట్లోకి వెళ్ళి అత్తమామలకు సరిగ్గా మూడో వంతు టీ పోసింది. ఈ గాథను చదివినవారికీ, చదివినట్టు తల ఊపినవారికీ పొయ్యి తీగలు తెగకుండు గాక, తెగినా ముడులు శుభ్రంగా పడు గాక, పిలవని ఉపన్యాసాలు పెట్టే అతిథులకు గిన్నెలు నిండుగా దక్కు గాక! జయం, ఒక పదో వంతు జయం!